ఆయిల్ మార్చేటప్పుడు కొత్త ఫిల్టరును ముందే నింపి బిగించాలా?

కారు ఇంజిన్ ఆయిల్‌ను ఇంటి దగ్గర సొంతంగా మార్చుకునేవారికీ, మెకానిక్ పక్కన నిలబడి మార్పించుకునేవారికీ ఒక సందేహం తరచుగా వస్తుంది. కొత్త ఆయిల్ ఫిల్టరును పెట్టెలోంచి తీసి ఖాళీగానే బిగించాలా, లేక దానిలో కొత్త ఆయిల్ పోసి నింపిన తరువాత బిగించాలా అన్నదే ఆ సందేహం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పెద్ద డీజిల్ ఇంజిన్ల మీద పని నేర్చుకున్నవారిలో చాలామంది నింపే బిగించాలని గట్టిగా చెబుతారు. కార్ల సర్వీస్ సెంటర్లలో చాలాచోట్ల ఖాళీగానే బిగించి పంపుతారు. ఇద్దరి మాటకూ కారణం ఉంది. ఆ కారణాలను తెలుసుకుంటే మీ కారుకు ఏది తగినదో మీరే తేల్చుకోగలుగుతారు.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మాన్యువల్‌లో నింపమని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్పకుండా నింపండి. అలా రాయని మామూలు పెట్రోల్ కారులో ఫిల్టరును ఖాళీగా బిగించినందువల్ల ఇంజిన్‌కు చెప్పుకోదగిన హాని ఉండదు. ఫిల్టరు మూతి పైకి ఉండేలా నిలువుగా బిగించే ఇంజిన్లలో, అందులోనూ టర్బో (ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) ఉన్నవాటిలో, నింపడం వల్ల కొంత ప్రయోజనం ఉంది. అయితే శుభ్రత పాటించకుండా నింపిన ఫిల్టరు కన్నా ఖాళీ ఫిల్టరే నయం.

ఫిల్టరులో ఆయిల్ నడిచే దారి

స్పిన్-ఆన్ ఫిల్టరును, అంటే డబ్బా ఆకారంలో ఉండి చేత్తో తిప్పి బిగించే ఫిల్టరును, తలకిందులు చేసి దాని మూతిని చూడండి. మధ్యలో మరలు ఉన్న పెద్ద రంధ్రం ఒకటి, దాని చుట్టూ వలయంలా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. పంపు తోసిన ఆయిల్ చుట్టూ ఉన్న ఈ చిన్న రంధ్రాల గుండా లోపలికి వస్తుంది. అది మడతలు పెట్టిన కాగితం బయటి వైపు చేరి, కాగితం గుండా లోపలి వైపుకు వడకట్టబడి, మధ్య రంధ్రం నుంచి ఇంజిన్ మెయిన్ గ్యాలరీలోకి, అంటే భాగాలన్నిటికీ ఆయిల్ పంచే ప్రధాన దారిలోకి, వెళుతుంది. అక్కడి నుంచి క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు, క్యామ్‌షాఫ్ట్‌కు, టర్బో ఉంటే దాని బేరింగులకు అందుతుంది. అంటే చిన్న రంధ్రాల వైపు వడకట్టని ఆయిల్ ఉంటుంది, మధ్య రంధ్రం వైపు వడకట్టిన ఆయిల్ ఉంటుంది.

ఇప్పుడు ఫిల్టరును నింపేవారు ఆయిల్ ఎక్కడ పోస్తారో గమనించండి. పెద్దగా ఉండి పోయడానికి వీలుగా ఉంటుంది కాబట్టి దాదాపు అందరూ మధ్య రంధ్రంలోనే పోస్తారు. ఆ ఆయిల్‌తో పాటు గరాటుకు అంటుకున్న దుమ్ము గానీ, డబ్బా మూత దగ్గరి ప్లాస్టిక్ పొట్టు గానీ, తుడిచిన గుడ్డ పీచు గానీ పడితే, అది వడపోత అయిపోయిన వైపున కూర్చుంటుంది. ఇంజిన్ తిరిగిన మొదటి క్షణంలోనే అదంతా ఏ అడ్డూ లేకుండా నేరుగా బేరింగులలోకి కొట్టుకుపోతుంది. బేరింగుకు, షాఫ్టుకు మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. కంటికి కనిపించని 10, 20 మైక్రాన్ల ఇసుక రేణువులే బేరింగు పూతను గీకగలవు. క్యాటర్‌పిల్లర్ సంస్థ తన డీజిల్ ఇంజిన్ల మాన్యువళ్లలో ఆయిల్ ఫిల్టరును బిగించే ముందు నింపవద్దని రాయడానికి కారణం ఇదే. అలా పోసిన ఆయిల్ వడకట్టబడదు కాబట్టి దానిలో మలినాలు ఉంటే భాగాలు త్వరగా అరుగుతాయని ఆ మాన్యువళ్లు వివరిస్తాయి. మరోవైపు కమిన్స్ వారు కొన్ని ఇంజిన్లకు ఫిల్టరును శుభ్రమైన ఆయిల్‌తో నింపి బిగించమని రాశారు. రెండూ భారీ డీజిల్ ఇంజిన్లకు పేరుపొందిన సంస్థలే. అందువల్ల అన్ని ఇంజిన్లకూ ఒకే నియమం ఉందని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఖాళీ ఫిల్టరు నిండడానికి పట్టే సమయం

నింపాలని చెప్పేవారి భయం ఏమిటంటే, ఖాళీ ఫిల్టరు నిండేంతవరకు బేరింగులు ఆయిల్ లేకుండా పొడిగా తిరుగుతాయని. ఇది కల్పిత భయం కాదు. ఫిల్టరు నిండకుండా గ్యాలరీలోకి పూర్తి ఒత్తిడితో ఆయిల్ వెళ్లదు. కానీ ఆ సమయం ఎంతో లెక్క వేసి చూడాలి.

చిన్న కారు ఫిల్టరులో 200 నుంచి 300 మిల్లీలీటర్ల ఆయిల్ పడుతుంది. ఉదాహరణకు పంపు ఇంజిన్ ఒక్కో చుట్టుకు 10 మిల్లీలీటర్ల ఆయిల్ తోస్తుందని అనుకుందాం. నిమిషానికి 750 చుట్ల ఐడిల్ వేగంలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచే వేగంలో, అది నిమిషానికి ఏడున్నర లీటర్లు, అంటే సెకనుకు 125 మిల్లీలీటర్లు. ఈ లెక్కన 250 మిల్లీలీటర్ల ఫిల్టరు రెండు సెకన్లలో నిండుతుంది. స్టార్టరు మోటారు మాత్రమే ఇంజిన్‌ను నిమిషానికి 250 చుట్ల వేగంతో తిప్పుతున్నప్పుడు సెకనుకు సుమారు 40 మిల్లీలీటర్లు కదులుతుంది కాబట్టి ఆరు సెకన్లు పడుతుంది. పంపు పరిమాణం, ఆయిల్ చిక్కదనం బట్టి ఈ అంకెలు మారుతాయి గానీ, విషయం సెకన్లలోనే ఉంటుంది. ఆ కొద్ది సెకన్లలోనూ బేరింగుల మీద పాత ఆయిల్ పొర మిగిలే ఉంటుంది. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నుంచి ఆయిల్ కారిపోయినంత మాత్రాన లోహం మీద అంటుకున్న పొర పోదు. అరుగుదలను తగ్గించే రసాయనాలు కూడా ఆ లోహం మీద సన్నని పూతగా ఉంటాయి. ఐడిల్ వేగంలో, బరువు లేకుండా, రెండు మూడు సెకన్లపాటు ఆ పొర బేరింగును కాపాడగలదు. అదే సమయంలో మీరు యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం కాపాడలేదు. ఫిల్టరును నింపాలా వద్దా అని చర్చించే చాలామంది ఈ తొక్కుడు గురించి ఒక్క మాట కూడా అనకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇంజిన్‌కు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే.

మన పల్లెల్లో మోటారు పంపులు నడిపినవారికి ఇంకొక అనుమానం సహజంగా వస్తుంది. బావి గట్టున పెట్టిన పంపులో గాలి చేరితే, నీళ్లు పోసి గాలి తీసేంతవరకు అది ఎంత తిరిగినా నీటిని ఎత్తదు. కారు ఆయిల్ పంపు ఆ జాతిది కాదు. అది పళ్ల చక్రాలు ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతూ ఆయిల్‌ను బంధించి ముందుకు నెట్టే పంపు కాబట్టి, గొట్టంలోని గాలిని తానే బయటకు తోసి ఆయిల్‌ను లాగుకోగలదు. పైగా ఫిల్టరు ఉండేది పంపు తరువాత. కాబట్టి ఫిల్టరులో ఆయిల్ పోసినా పంపులోని గాలి పోదు. ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేసినప్పుడు, లేదా బండి ఏళ్ల తరబడి నిలిచిపోయినప్పుడు పంపు పూర్తిగా ఎండిపోతుంది. అప్పుడు పంపుకు వేరుగా ఆయిల్ అందించాలి. అది ఆయిల్ మార్పిడికి సంబంధించిన పని కాదు.

ఇక లారీ ఇంజిన్ల విషయం వేరు. అక్కడ ఒక్కో ఫిల్టరులో లీటరుకు మించి ఆయిల్ పడుతుంది. కొన్ని ఇంజిన్లకు రెండు ఫిల్టర్లు ఉంటాయి. ఈ రోజుల్లో టర్బో దాదాపు అన్నిటికీ ఉంటుంది. అవి ఖాళీగా ఉంటే నిండడానికి పట్టే సమయం కారుకన్నా ఎక్కువ. లారీ మెకానిక్‌లలో నింపే అలవాటు ఉండడానికి ఇదే కారణం. అది వారి పనికి తగిన అలవాటే. దానిని 250 మిల్లీలీటర్ల కారు ఫిల్టరుకు ఉన్నది ఉన్నట్లుగా తీసుకురావలసిన అవసరం మాత్రం లేదు.

మీ కారుకు ఏది తగునో తేల్చుకోండి

పని మొదలుపెట్టే ముందు బానెట్ ఎత్తి, అవసరమైతే కిందనుంచి కూడా చూసి, మీ ఇంజిన్‌లో ఫిల్టరు ఏ దిక్కున బిగించి ఉందో గమనించండి. నిర్ణయం చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది.

ఫిల్టరు కిందికి వేలాడుతూ, మూతి పైకి ఉంటే, నింపినా ఆయిల్ ఒలకదు. ఇలాంటిచోట నింపడం సాధ్యమే, టర్బో ఉంటే ప్రయోజనకరమే. ఫిల్టరు ఇంజిన్ పక్కన అడ్డంగా బిగించేదైతే, నిండుగా పోసిన ఆయిల్ బిగించేటప్పుడే ఒలికి ఎగ్జాస్ట్ గొట్టం మీదో, రబ్బరు బెల్టు మీదో పడుతుంది. ఎగ్జాస్ట్ మీద పడిన ఆయిల్ వేడికి పొగలు కక్కుతుంది. పైగా ఆ మడ్డి వల్ల, తరువాత గాస్కెట్ (ఫిల్టరు మూతికి ఉండే రబ్బరు వలయం) దగ్గర ఆయిల్ నిజంగా కారుతుందో లేదో మీరు గుర్తుపట్టలేరు. ఇలాంటి కార్లలో ఖాళీగా బిగించడమే సరైన పని అని నేను భావిస్తాను. మూతి కిందికి ఉండేలా తలకిందులుగా బిగించే ఫిల్టరును నింపడం ఎలాగూ కుదరదు.

కొన్ని ఇంజిన్లకు డబ్బా ఉండదు. ఇంజిన్‌కే బిగించిన గూడులో కాగితం ఫిల్టరును మాత్రమే మారుస్తారు. మారుతి స్విఫ్ట్, టాటా ఇండికా విస్టా వంటి కార్లలో ఒకప్పుడు ఎక్కువగా వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌లో ఉన్నది ఇలాంటి ఫిల్టరే. ఇలాంటివాటిలో గూడును నింపే ప్రశ్నే రాదు. మూత వదులు చేయగానే గూడులోని ఆయిల్ చాలా ఇంజిన్లలో తిరిగి సంపులోకి దిగిపోతుంది. మీరు పోసినా అదే జరుగుతుంది. మూతకు ఉండే ఓ-రింగును మార్చి, దానికి కొత్త ఆయిల్ రాసి, మూత మీద అచ్చువేసి ఉన్న బిగువు మేరకు బిగిస్తే సరిపోతుంది.

దిక్కు సంగతి తేలిన తరువాత ఆయిల్ ఎక్కడిదో ఆలోచించండి. సీలు తీయని డబ్బా మీ చేతిలో ఉంటే ఆయిల్ మీద అనుమానం అవసరం లేదు. అలా కాక పీపాలోంచి మగ్గుతో కొలిచి పోసే దుకాణంలో, రోడ్డు పక్కన లారీలు లేపే దుమ్ము మధ్య పని జరుగుతున్నట్లయితే, ఆ మగ్గు, ఆ గరాటు రోజంతా తెరిచే ఉంటాయని గుర్తుంచుకోండి. అలాంటి ఆయిల్‌ను ఇంజిన్‌లో పోస్తే అది పంపు, ఫిల్టరు దాటిన తరువాతే బేరింగులకు చేరుతుంది. ఫిల్టరు మధ్య రంధ్రంలో పోస్తే ఆ రక్షణ ఉండదు. అక్కడ మెకానిక్ నింపుతానని అన్నా మర్యాదగా వద్దని చెప్పి, ఖాళీగానే బిగించమనండి.

పని మొదలు, పాత ఆయిల్ తీయడం

ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చక్కగా జారుతుంది. బాగా కాలి ఉంటే చేతులు కాలతాయి. కారును చదును నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి. కారు కిందికి దూరవలసి వస్తే జాకీ మీద మాత్రమే ఆధారపడకండి. జాకీతో ఎత్తిన తరువాత స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించండి. ఈ విషయంలో మినహాయింపు లేదు.

డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ ధార చుక్కలుగా మారేంతవరకు ఆగండి. బోల్టు కింద ఉండే రాగి లేదా అల్యూమినియం వాషరును మార్చి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించండి.

పాత ఫిల్టరు విప్పేటప్పుడు చూడవలసినవి

చేత్తో రాకపోతే ఫిల్టరు రెంచ్ వాడండి. స్క్రూడ్రైవరు గుచ్చి తిప్పే పద్ధతి వల్ల డబ్బా చిరిగి మూతి భాగం ఇంజిన్‌కే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఫిల్టరు బయటకు వచ్చిన వెంటనే దాని మూతి చూడండి. నల్లటి రబ్బరు గాస్కెట్ దానితో పాటే వచ్చిందా? రాకపోతే అది ఇంజిన్ ముఖానికి అతుక్కుని ఉంటుంది. దాని మీదే కొత్త ఫిల్టరును బిగిస్తే రెండు గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని, ఒత్తిడి రాగానే జారిపోయి, నిమిషం లోపే ఆయిల్ అంతా నేలపాలవుతుంది. ఖాళీ ఫిల్టరు వల్ల ఇంజిన్ పాడైందన్న మాటకన్నా ఈ రెండు గాస్కెట్ల వల్ల పాడైందన్న మాట ఎంతో నమ్మదగినది. ఇంజిన్ వైపు ముఖాన్ని పీచు రాలని శుభ్రమైన గుడ్డతో తుడవండి. దూది వేస్టు వాడకండి, దాని పోగులు అక్కడే చిక్కుకుంటాయి.

కొత్త ఫిల్టరును పాతదాని పక్కన పెట్టి గాస్కెట్ వ్యాసం, మర సరిపోయాయో లేదో చూడండి. మధ్య రంధ్రంలోకి వెలుతురు పడేలా పట్టుకుని లోపల లోహపు రజను, కాగితం ముక్కలు లేవని నిర్ధారించుకోండి. చిన్న రంధ్రాల లోపలి వైపు రబ్బరు పలక ఒకటి కనిపిస్తుంది. ఇంజిన్ ఆపిన తరువాత ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి సంపులోకి కారిపోకుండా ఆపే వాల్వు అదే. దాని గురించి ఒక మాట చెప్పాలి. ఆయిల్ మార్చిన రోజు ఖాళీ ఫిల్టరుతో జరిగే స్టార్టు ఏడాదికి ఒకటో రెండో మాత్రమే. ఈ రబ్బరు పలక నాసిరకమైతే, అడ్డంగా లేదా తలకిందులుగా బిగించిన ఫిల్టరు రాత్రికి రాత్రే ఖాళీ అయిపోయి, మీ కారు ప్రతి ఉదయం ఖాళీ ఫిల్టరుతోనే స్టార్టవుతుంది. ఉదయం తొలి స్టార్టులో రెండు మూడు సెకన్లపాటు ఇంజిన్ పైభాగం నుంచి గలగలమనే చప్పుడు వస్తుంటే అనుమానించవలసిన వాటిలో ఇదొకటి. ముందే నింపడం గురించి శ్రద్ధ చూపేవారు, తక్కువ ధరకు దొరికే నకిలీ ఫిల్టరును కొనకుండా ఉండే విషయంలో అంతకు రెండింతలు శ్రద్ధ చూపాలి. ఈ పలకను సిలికాన్‌తో చేసిన ఫిల్టర్లు వేడికి గట్టిపడకుండా ఎక్కువకాలం మెత్తగా ఉంటాయి. సాధారణ నైట్రైల్ రబ్బరు వేడికి కాలక్రమేణా బిరుసెక్కుతుంది.

నింపదలచుకుంటే ఇలా నింపండి

మూతి పైకి ఉండే ఫిల్టరు అయి, సీలు తీయని డబ్బా చేతిలో ఉంటే, గాలి వీచని చోట శుభ్రమైన కాగితం పరిచి ఫిల్టరును నిలబెట్టండి. గరాటు వాడకుండా డబ్బా నుంచే పోయగలిగితే మేలు. గరాటు తప్పనిసరైతే దానిని ముందుగా కడిగి ఆరబెట్టి, కొద్దిగా కొత్త ఆయిల్ పోసి తొలిచి, ఆ ఆయిల్‌ను పారబోయకుండా వేరే డబ్బాలో పక్కన పెట్టండి.

ఓపిక ఉన్నవారికి నేను సిఫారసు చేసేది చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలలో పోసే పద్ధతి. సన్నని మూతి ఉన్న చిన్న సీసాలోకి కొత్త ఆయిల్ తీసుకుని, ఒక్కో రంధ్రం దగ్గర కొద్దికొద్దిగా వదలండి. రబ్బరు పలక లోపలికి వంగి దారి ఇస్తుంది కాబట్టి ఆయిల్ నెమ్మదిగా దిగుతుంది. అది కాగితాన్ని దాటిన తరువాతే మధ్యకు చేరుతుంది కనుక మలినాల భయం ఉండదు. పది నిమిషాలో అంతకు మించో పడుతుంది. నింపాలన్న పట్టుదల ఉంటే ఆ సమయం కేటాయించండి, లేదా ఖాళీగా బిగించండి. తొందరపడి మధ్యలో కుమ్మరించడం మాత్రం ఈ రెండిటికన్నా తక్కువ మేలైనది.

మధ్య రంధ్రంలోనే పోయాలని మాన్యువల్ చెప్పినా, మీరే నిర్ణయించుకున్నా, సగం వరకు పోసి ఆపండి. కాగితం ఆయిల్‌ను పీల్చుకుంటుంది, బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది. మూడు నాలుగు నిమిషాల తరువాత మళ్లీ కొద్దిగా పోయండి. అంచుకు ఒక వేలు వెడల్పు కిందనే ఆపడం మంచిది, లేకపోతే ఎక్కించేటప్పుడు ఒలుకుతుంది. ఎంత పోశారో గుర్తుంచుకోండి. ఇంజిన్‌లో పోయవలసిన మొత్తం నుంచి ఆ మేరకు తగ్గించాలి.

బిగించడం

నింపినా నింపకపోయినా గాస్కెట్ చుట్టూ వేలితో కొత్త ఆయిల్ రాయడం తప్పనిసరి. పొడి రబ్బరు బిగిసేటప్పుడు ముడుచుకుపోతుంది, వచ్చేసారి విప్పడానికీ మొండికేస్తుంది. ఫిల్టరును చేత్తోనే మరకు ఎక్కించండి. నింపిన ఫిల్టరు బరువుగా, జారుడుగా ఉంటుంది కాబట్టి మర వంకరగా పట్టే అవకాశం ఎక్కువ. రెండు చుట్లు తేలికగా తిరగకపోతే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. గాస్కెట్ ఇంజిన్ ముఖాన్ని తాకిన చోటును గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి ఫిల్టరు మీద అచ్చువేసి ఉన్నంత మేరకు బిగించండి. చాలా ఫిల్టర్లకు అది ముప్పాతిక చుట్టు. ఇందుకు చేతి బలం చాలు, రెంచ్ అవసరం రాదు. చివరగా చుట్టుపక్కల ఒలికిన ఆయిల్‌ను పూర్తిగా తుడిచేయండి. తరువాత లీకు చూడడం తేలికవుతుంది.

ఆయిల్ పోయడం, తొలి స్టార్టు

కారును నేల మీదికి దించండి. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిల్‌నే పోయండి. ఇటీవలి పెట్రోల్ కార్లు చాలావాటికి 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 వంటి పలుచని ఆయిళ్లు చెబుతున్నారు. పలుచని ఆయిల్ త్వరగా పారి ఫిల్టరును త్వరగా నింపుతుంది. మన దగ్గర వేసవిలోనే కాదు, చలికాలపు ఉదయాల్లో కూడా ఆయిల్ గడ్డకట్టేంత చలి ఉండదు కాబట్టి ఈ విషయంలో మనకు వెసులుబాటు ఎక్కువ. అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా వంటి చోట్ల ఉండేవారు గడ్డకట్టే చలిలో ఆయిల్ మార్చవలసి వస్తే, కొత్త ఆయిల్ డబ్బాలను ముందురోజే ఇంట్లో వెచ్చగా ఉంచుకోవడం మంచిది.

పోయవలసిన మొత్తంలో కొద్దిగా తగ్గించి పోసి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే గీతల పుల్ల) చూసి, గరిష్ఠ గీత దాటకుండా నింపండి. ఆయిల్ పోయకుండా స్టార్టు చేసే పొరపాటు జరగకుండా, మూత పెట్టిన తరువాత డిప్‌స్టిక్ మీద ఆయిల్ కనిపించిందని మరొక్కసారి నిర్ధారించుకోండి.

గేరు న్యూట్రల్‌లో ఉంచి, తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఎర్రటి ఆయిల్ దీపం వెలగాలి. ఇప్పుడు వెలగని దీపం తరువాత ఆరిందో లేదో చెప్పలేదు కాబట్టి, అది వెలగకపోతే ముందు దాని సంగతి చూడండి.

తాళంతో స్టార్టయ్యే పెట్రోల్ కారు అయితే, ఇంధనం మండకుండా స్టార్టరు మోటారుతోనే ఇంజిన్‌ను తిప్పే వీలు చాలావాటిలో ఉంది. యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే, ఇంధనం ఎక్కువై తడిసిన ఇంజిన్‌ను ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు ప్రకారం కంప్యూటరు ఇంధనాన్ని ఆపేస్తుంది. మీ మాన్యువల్‌లో ఈ ఏర్పాటు ఉన్నట్లు రాసి ఉంటేనే ప్రయత్నించండి. ఐదు సెకన్లు తిప్పి, అర నిమిషం ఆగి, మళ్లీ ఐదు సెకన్లు తిప్పితే, పైన వేసిన లెక్క ప్రకారం ఫిల్టరు చాలావరకు నిండిపోతుంది. ఈ పని చేయగలిగితే ఫిల్టరును ముందే నింపినందువల్ల కలిగే లాభమంతా మలినాల భయం లేకుండా మీకు దక్కుతుంది. డీజిల్ కార్లలో ఇలా చేయకండి. అక్కడ యాక్సిలరేటర్ నొక్కి సెల్ఫ్ కొడితే ఇంధనం ఆగదు, ఇంజిన్ ఒక్కసారిగా వేగం అందుకోవచ్చు. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో కూడా ఈ పద్ధతి అన్నిటికీ కుదరదు. కుదరనివారు విచారించనక్కర లేదు, మామూలుగానే స్టార్టు చేయండి.

స్టార్టు అయిన వెంటనే కాలును యాక్సిలరేటర్‌కు దూరంగా ఉంచి దీపాన్నే చూడండి. రెండు నుంచి నాలుగు సెకన్లలో అది ఆరిపోవాలి. చిన్న టకటక శబ్దం కొద్దిసేపు వినిపించవచ్చు, ఆయిల్ పైకి చేరగానే తగ్గుతుంది. దీపం ఆరినంత మాత్రాన ఇంజిన్ పైభాగానికీ టర్బోకూ ఆయిల్ పూర్తిగా చేరినట్లు కాదు. ఎందుకంటే దీపపు స్విచ్ చాలా తక్కువ ఒత్తిడికే మారిపోతుంది. అందువల్ల ఒక నిమిషంపాటు ఐడిల్‌లోనే ఉంచండి. టర్బో డీజిల్ కారులో ఈ నిమిషం ఎంతో విలువైనది. టర్బో చక్రం వేగం అందుకుంటే నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాని షాఫ్టు తేలుతూ తిరిగేది ఆయిల్ పొర మీదే.

దీపం ఐదు సెకన్లు దాటినా ఆరకపోతే ఇంజిన్ ఆపేయండి. కింద ఆయిల్ కారుతోందేమో, డిప్‌స్టిక్ మీద మట్టం సరిగా ఉందో లేదో చూడండి. రెండూ సరిగానే ఉంటే ఒక నిమిషం ఆగి మళ్లీ స్టార్టు చేయండి. రెండోసారి కూడా ఆరకపోతే ఇక నడపకండి. దీపం దానంతట అదే ఆరుతుందని ఇంజిన్ వేగం పెంచకండి. ఫిల్టరు తప్పుడు రకం కావచ్చు, పంపు లాగకపోవచ్చు, స్విచ్ పాడై ఉండవచ్చు. వీటిలో ఏదో తేల్చడానికి స్విచ్ స్థానంలో ఒత్తిడి గేజి పెట్టి చూడగల మెకానిక్‌ను కారు ఉన్నచోటికే పిలిపించండి, లేదా కారును లాగించుకుని వెళ్లండి.

మట్టం, లీకు, పాత ఆయిల్

ఇంజిన్ నడుస్తుండగా కారు కిందికి దూరకుండా, పక్కనుంచి టార్చి వేసి ఫిల్టరు చుట్టూ, డ్రెయిన్ బోల్టు దగ్గర చూడండి. తడి కనిపించకపోతే ఇంజిన్ ఆపి, ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీయండి. ఖాళీగా బిగించిన ఫిల్టరు ఇప్పుడు నిండి ఉంటుంది కాబట్టి మట్టం 200 నుంచి 300 మిల్లీలీటర్ల మేర దిగి కనిపిస్తుంది. అది సహజం, ఆ మేరకు పోయండి. ముందే నింపినవారికి ఈ తగ్గుదల కనిపించదు. ఇక్కడే చాలామంది రెండుసార్లు లెక్కపెట్టి ఎక్కువ పోస్తారు. గరిష్ఠ గీత దాటితే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగను పంపు సరిగా తోయలేదు. ఎక్కువైతే తీసేయండి. మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం, లీకు మరోసారి చూసి, కిలోమీటర్ల అంకెను, వాడిన ఆయిల్ గ్రేడును, ఫిల్టరు రకాన్ని, దానిని నింపి బిగించారో ఖాళీగా బిగించారో, దీపం ఎన్ని సెకన్లకు ఆరిందో సర్వీసు పుస్తకంలో రాసుకోండి. వచ్చేసారి ఆ సమయం పెరిగిందో లేదో పోల్చుకోవడానికి ఆ అంకె పనికివస్తుంది.

పాత ఫిల్టరులో కూడా పావు లీటరు దాకా ఆయిల్ నిలిచి ఉంటుంది. దానిని బోర్లించి ఒక రాత్రంతా పళ్లెంలో కారనివ్వండి. వాడిన ఆయిల్ మన దేశ నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని కాలువలో గానీ నేల మీద గానీ పోయకండి, తలుపులకూ కర్రలకూ పూయడానికి ఎవరికీ ఇవ్వకండి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే నింపి, మూత గట్టిగా పెట్టి, అధీకృత రీసైక్లర్లకు పంపే సర్వీస్ సెంటరులో అప్పగించండి.